పెరగని శాలువా

నేర్పినా రాని విద్య ఉంటుందా, లేక నేర్పడం తనకే చేతకాదా అన్న అనుమానం అల్లిక టీచరమ్మకు ఏళ్ల తరబడి ఉంది. ఆ బుధవారం ఆ అనుమానమే ఎదురు కుర్చీలో కూర్చుని, సంచిలోంచి శాలువా తీసి బల్ల మీద పరిచింది.

అందరూ ఆయన్ని లేత్ బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్లు వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము చెక్కిన మనిషి.

"మళ్లీ మొదటికొచ్చిందా బాబాయిగారూ?"

"వచ్చిందమ్మా. ఆకు దగ్గర తప్పు పోయింది. విప్పాల్సి వచ్చింది."

"పద్నాలుగు వారాలండీ! జానెడు పెరగలేదు."

"అల్లుతున్నారా బాబాయిగారూ, శాలువాకి కాపలా కాస్తున్నారా?" అంది వెనక వరసలోంచి నర్సమ్మ. గదంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వాడు.

ఊదితే ఎగిరిపోయేంత సన్నటి ఉన్ని. నిండా ఆకుల లేసు. ఒకచోట సూదికి దారం చుట్టి ఖాళీ వదలాలి, ఇంకోచోట రెండు కుట్లు కలిపి ఒకటి చేయాలి. ఒక్క చుట్టు మరిచిపోతే ఆకు పక్కకి ఒరిగిపోతుంది. ముప్పావు వంతు ఆయన భార్యే అల్లింది. ఆ తర్వాత ఆవిడ జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఇప్పుడు కట్టుకున్నవాణ్ణి కూడా గుర్తుపట్టకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉంటుందట. ఆవిడ కళ్ల ముందు ఆ శాలువా పూర్తవుతుందా అన్నదే క్లాసులో అందరి దిగులు.

టీచరమ్మ విప్పిన చోట వేలితో తడిమింది. ఒక్క కుట్టు జారలేదు. విప్పడం ఇంత బాగా వచ్చినవాళ్లకి అల్లడం రాకపోవడమేమిటి? వేరే సూదులిచ్చి, "నా ముందు ఒక ఆకు వెయ్యండి" అంది. ఆయన వేశాడు. పుస్తకంలో బొమ్మలా ఉంది.

"మరి ఇంటికెళ్తే ఏమవుతోంది?"

"ఇంటి దగ్గర చెయ్యి మాట వినదమ్మా." ఆయన కాస్త ఆగి అడిగాడు. "టీచరమ్మా, ఏ తప్పయితే దూరం నుంచి కూడా కనబడుతుంది?"

"అంచు దగ్గర చుట్టు మరిచిపోతే. గది అవతలి నుంచైనా కనబడుతుంది. అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోండి."

ఆయన బుద్ధిగా చీటీ మీద రాసుకున్నాడు.

"పోనీ, ఇది వదిలేసి తేలికైంది ఇంకోటి మొదలుపెట్టకూడదూ?"

"కొత్తవేవీ మా ఆవిడ కంటికి ఆనవమ్మా. తన చేత్తో అల్లింది కదా, దీన్నయితే చూస్తుంది."

అంతలో ఆయన ఫోన్ మోగింది. ఆవిడకు తోడుగా కూర్చున్న పక్కింటామె. ఆవిడ ఒళ్లు జ్వరంతో కాలిపోతోందట. ఆయన చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తాడు. సంచి బల్ల మీదే ఉండిపోయింది.

టీచరమ్మ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. బాబాయిగారి భార్యకు తను బాకీ పడి ఉంది. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, ఒప్పుకున్న అల్లిక పని చేతకాక ఏడుస్తుంటే, ఆ పిన్నిగారే తొమ్మిది మధ్యాహ్నాలు పక్కన కూర్చుని ఈ ఆకుల లేసు నేర్పింది. ఏమివ్వమంటారని అడిగితే, "ఎప్పుడైనా నాకో పని చేసిపెడుదువులే" అంది. ఆ ఎప్పుడు ఇప్పటిదాకా రాలేదు. అంత పనితనమున్న చేతుల్ని ఊరికే కూర్చోబెట్టడంలో దేవుడి ఉద్దేశమేమిటో తనకు తెలియదు. తనకిచ్చిన చేతులు మాత్రం ఇందుకే అనిపించి, దండం పెట్టుకుని సూదులు అందుకుంది.

"ఇల్లు ఎత్తుకుపోయినా సూది దించేలా లేవే!" అన్నాడు భర్త మూడో రోజున.

"మిమ్మల్ని ఎత్తుకుపోతే దించుతాలెండి."

కోడలు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. "అత్తయ్యా, లేత్ బాబాయిగారు మళ్లీ వచ్చారు. ఆవిడకి జ్వరం తగ్గిందట. సంచి ఇచ్చేయమని బతిమాలుతున్నారు."

"నేను ఇంట్లో లేనని చెప్పవే. ఇంకొక్క నాలుగు రోజులు."

అబద్ధం మనసులో ముల్లులా గుచ్చుకుంది. మంచి పనికే కదా, దేవుడు పట్టించుకోడులే అని సర్దిచెప్పుకుంది.

మంగళవారం సాయంత్రం శాలువా మడతపెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసిన లేత్ బాబాయి ముఖం వారంలోనే పీక్కుపోయి ఉంది. సంచి చూడగానే వెలిగింది. లోపలున్నది చూసి, అలాగే నిలబడిపోయాడు.

"పూర్తి చేసేశానండీ!" అంటూ టీచరమ్మ కిటికీ దగ్గరికి నడిచి, పిన్నిగారి ఒళ్లో శాలువా పరిచింది.

ఆవిడ చూపు కదిలింది. శాలువా దగ్గరికి లాక్కుంది. ఆకు నుంచి ఆకుకు, అంచు నుంచి అంచుకు వేలు నడిపింది. లేత్ బాబాయి ఊపిరి బిగబట్టి ఆవిడ పెదవులకేసి చూస్తున్నాడు. వేలు చివరి వరస దాకా వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. ఆవిడ శాలువాను నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టేసి, కిటికీ వైపు తిరిగింది.

ఆయన కళ్లు నీళ్లతో నిండాయి.

"ఊరుకోండి బాబాయిగారూ," అంది టీచరమ్మ. "ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఇన్నేళ్లకి పిన్నిగారి ఋణం తీర్చుకున్నాను."

ఆయన మడతపెట్టిన శాలువా మీద చెయ్యి వేశాడు.

"తప్పు కనబడితేనే తను నాతో మాట్లాడేదమ్మా."