మగ్గాల వీధి రేడియో

"మ్మే మల్లక్కా! ఎదురింటామె కొత్తచీర కట్టుకోని వస్తాండాది. వంకాయ రంగు! చీర లేతగానే ఉండాది, వంకాయే ముదిరింది!"

గోడ అవతల పెద్ద నవ్వు.

గోడ ఇవతల చంద్రమోహన్ దిండును చెవులకేసి అదుముకున్నాడు.

రాత్రంతా సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ చేసి వచ్చిన మనిషి. పేరులోనే చంద్రుడున్నాడు కాబట్టి రాత్రంతా మేలుకుంటాడు, సరే. పగలన్నా అస్తమించనివ్వాలి కదా!

కర్నూలు నుంచి బదిలీ మీద ఎర్రగుంట్ల వచ్చి, మగ్గాల వీధిలో బాడుగకు దిగాడు. ఇల్లు చల్లన, గోడ పల్చన.

ఆ పల్చని గోడకు అవతల దాసన్న. నేతగాడు. చేతులు మగ్గం మీద, నోరు వీధి మీద.

"మ్మే, మోడం పట్టిండాది! అది కూడా సిమెంటు రంగే. వాన పడతాదో, గోడ కడతాదో!"

"మ్మే, మగ్గం దిగుతాండా, నీళ్లు తాగేకి!"

"మ్మే, అంగడికి పోతాండా! ఇప్పుడే ఒస్తా!"

కూర్చుంటే చెప్తాడు, లేస్తే చెప్తాడు. మధ్యలో మగ్గం టకటక. ఆ టకటక ఆగిందంటే వెంటనే ప్రకటన. వార్తలు, వాతావరణం, వినోదం అన్నీ ఒకే స్టేషన్లో.

చంద్రమోహన్ ఇంటి యజమానురాలు నాగలక్ష్మమ్మ దగ్గర మొరపెట్టుకున్నాడు.

"భార్యతో అన్ని కబుర్లు ఏముంటాయమ్మా ఆయనకు?"

"పెండ్లామంటే ప్రాణం సారూ. పూలు తెచ్చేదీ ఆయనే, జడ వేసేదీ ఆయనే. పెండ్లాన్ని నవ్వించందే ముద్ద దిగదు ఆయనకు."

"ఆమె ఆయనకు ప్రాణం. నాకేమో ప్రాణసంకటం!"

నాగలక్ష్మమ్మ నవ్వేసి వెళ్లిపోయింది.

ఒకరోజు ఓపిక తెగింది. డ్యూటీ నుంచి వస్తూ వస్తూనే దాసన్న వాకిట్లో నిలబడ్డాడు.

లోపల మల్లక్క తల వంచుకుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది.

"దాసన్నా, నాది నైట్ డ్యూటీ. పగలు పండుకోకుంటే నేను చచ్చిపోతా."

"అయ్యో సారూ, మీది నైట్ డ్యూటీ, నాది నోటి డ్యూటీ!"

తన జోకుకు తనే ముందు నవ్వాడు దాసన్న. చంద్రమోహన్ నవ్వలేదు.

"మగ్గం చప్పుడు ఫరవాలేదప్పా, అది నీ బతుకుదెరువు. ఆ నోరు ఒక్కటి మూస్తే చాలు."

దాసన్న నవ్వు పోగు తెగినట్టు తెగింది.

"అది కాదు సారూ..." అంటూ లోపలికి చూశాడు.

లోపలి నుంచి మల్లక్కే అంది.

"పాపం, ఆయప్ప నిద్ర చెడగొట్టేది మనకెందుకు? నేనేమన్నా చిన్నపిల్లనా బెదురుకునేకి? నువ్వు గమ్మునుండు."

దాసన్న మెల్లగా తల ఊపాడు. 

"సరే సారూ. మీరు సిమెంటు, నేను సెంటిమెంటు. ఎప్పుడైనా సిమెంటే గెట్టిది."

ఆ పూట నుంచి రేడియో బంద్.

మగ్గం మోగేది, ఆగేది. అంతే. దాసన్న ఎప్పుడు లేచాడో, ఎప్పుడు బయటికి పోయాడో, ఎప్పుడొచ్చాడో గోడక్కూడా తెలిసేది కాదు.

చంద్రమోహన్ కళ్ల కింద నలుపు తగ్గింది. ఒళ్లు కూడా చేశాడు.

"చెప్పే విధంగా చెప్తే ఎవరైనా వింటారప్పా" అని ఫ్యాక్టరీలో గొప్పలు పోయాడు.

ఒక మధ్యాహ్నమైతే మగ్గం కూడా ఆగిపోయింది. మళ్లీ మోగలేదు. ఎర్రగుంట్లకు వచ్చాక అంత కమ్మని నిద్ర ఆయన ఎన్నడూ పోలేదు.

సాయంత్రం ఏడుపులకు మెలకువ వచ్చింది.

బయటికి వచ్చేసరికి దాసన్నను ఆస్పత్రి నుంచి వెనక్కి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నేస్తూ నేస్తూ మగ్గం మీదే ఒరిగిపోయాడట. గుండెపోటు. ఇంకొంచెం ముందు తెచ్చింటే దక్కేవాడని డాక్టరు అన్నాడట.

చంద్రమోహన్ జనాన్ని తప్పించుకుంటూ దాసన్న ఇంట్లోకి వెళ్లాడు.

చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మల్లక్క ఏడవడం లేదు. అడగనివాళ్లకు కూడా అదే మాట చెబుతోంది.

"మగ్గం ఆగిపాయ. ముందరైతే ఆగినప్పుడంతా చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేది మానేశ కదా. సారు పండుకోనుండాడని, సద్దు చేయకుండా అంగడికి పోయినాడనుకున్యా. ఈడనే కూచోనుండా, ఈ రాట్నం కాడనే. కండెలు మగ్గం కాడ పెడదామని పోతి. చల్లగ చెయ్యి తగిల్య."

చంద్రమోహన్‌కు అర్థం కాలేదు.

రాట్నం ఇక్కడ. మగ్గం అక్కడ. మధ్యలో గోడ కూడా లేదు. మనిషి ఒరిగిపోతే చూడలేదా?

అడగడానికి నోరు రాలేదు. ఆమె ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. తల వంచాడు. 

మల్లక్క పలకలేదు. ముఖం ఇటు తిప్పలేదు.

కోపం కాబోలు, న్యాయమే అనుకున్నాడు. చేతులు దించకుండా అట్లాగే నిలబడ్డాడు.

వెనక నుంచి నాగలక్ష్మమ్మ మెల్లగా అంది.

"చూపు పోయి శానా ఏండ్లాయ, ఆయమ్మకు నీ చేతులు యాడ కనపడతాయి సారూ, నోరు తెరిచి చెప్పు."