జోడు విడిచిన మైలెద్దు

ఒక రైతు దొడ్లో మైలెద్దు, కర్రెద్దు ఒకే కాడి కింద పెరిగాయి. దున్నిన చేనే దున్నీ దున్నీ మైలెద్దుకు విసుగు పుట్టింది.

"లోకం చూసొద్దాం, రారా తమ్ముడూ" అంది.

"నాకు మోకాళ్ల నొప్పులు. నువ్వు వెళ్లిరా అన్నా. వచ్చాక అన్నీ చెబుదువుగాని" అంది కర్రెద్దు.

మైలెద్దు పలుపు తెంపుకుని పోయింది. కొండలెక్కింది, వాగులు దాటింది, సముద్రం చూసింది. ఆ ముచ్చట్లన్నీ తమ్ముడికి చెప్పాలని రెండేళ్లకు తిరిగొచ్చింది. దొడ్లో ఎవరో కొత్త జోడు నెమరేస్తోంది.

"కర్రెద్దు ఏదమ్మా?" అని కోడిపెట్టను అడిగింది.

"ఒంటెద్దును ఎవరు మేపుతారయ్యా? నువ్వెళ్లిన వారానికే కబేళాకు తోలేశారు" అంది పెట్ట.

అంతలో రైతు పలుపు పట్టుకుని వచ్చాడు. వెనక దారి తెరిచే ఉన్నా మైలెద్దు కదల్లేదు.