గూటి నుంచి కాపలా

జింకల మందకు ఒక ఏట్రింత పిట్ట కాపలా కాసేది. తెల్లారగానే పచ్చిక బయలుకు ఎగిరిపోయి, పొద్దుగూకగానే గూటికి చేరేది.

"రోజూ ఈ రాకపోకలెందుకమ్మా? నీ గూటి నుంచే బయలంతా కనిపిస్తుందిగా. పులి వస్తే అక్కణ్ణుంచే కేకెయ్యి," అంది పెద్ద జింక.

గూట్లోని తన పిల్ల దగ్గరే ఉండొచ్చని ఏట్రింత పొంగిపోయింది.

కాపలా ఉందన్న ధీమాతో జింకలు చీకటి పడ్డాక కూడా మేయసాగాయి. ఏట్రింత చూపు బయలు మీదే ఉండిపోయింది.

ఒకనాడు పిల్ల రొప్పుతూ, "అమ్మా, నేను ఎగిరాను! చూశావా?" అంది.

తల్లి పక్కనే ఉండి కూడా చూడలేదు.

మర్నాడు ఏట్రింత బయలుకే వెళ్లి కాపలా కాసింది. పొద్దువాలగానే రెక్కలు విప్పింది.

"అప్పుడే వెళ్తావా?" అంది పెద్ద జింక.

"గూట్లోనే ఉన్నా నాకు గూడు లేకుండా పోయింది, పెద్దమ్మా. చీకటి పడుతోంది, మీరూ పొదల్లోకి చేరండి," అని ఎగిరిపోయింది.