చి. మురహరి

మా అన్నయ్య మురహరి పెళ్లి చేసుకుని వదినతో గుమ్మం ముందుకి రాగానే, ఆడపడుచుని కదా, అడ్డంగా నిలబడ్డాను. "పేర్లు చెబితేనే లోపలికి!"

వదిన విశాలకి పుట్టుకతో మాట లేదు. చేతి గాజు మీద వేలితో రాస్తే మెళ్ళో పతకం పలుకుతుంది, మాటకి తగ్గ భావం కూడా కలిపి. మాదేమో ఈ కాలపు తలుపు. కొత్త మనిషి మొదట ఏది పలికితే దాన్నే తాళంచెవిగా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే వదిన గాజు సర్దుకుని, ఆచితూచి మొదలెట్టింది.

మొగుడి పేరు ఉత్తినే రాస్తే మర్యాద కాదనుకుందో ఏమో, శుభలేఖలో చిరంజీవిని పొట్టిగా వేసినట్టే "చి. మురహరి, నేను వచ్చాం" అని రాసింది.

పతకం కసిరింది. "ఛీ! మురహరి, నేను వచ్చాం!"

సన్నాయి ఆగిపోయింది. అమ్మ నోరు తెరిచింది. తలుపు మాత్రం "అలాగేనమ్మా" అని తెరుచుకుంది. అన్నయ్య గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది.

ఇప్పుడు రోజూ వదిన ఆఫీసు నుంచి రాగానే ఆ కేక వీధంతా వినిపిస్తుంది. పక్కింటి చిలక కూడా నేర్చేసుకుంది. తలుపు దానికీ తెరుచుకుంటోంది!

నిన్న అన్నయ్య అడిగాడు. "పోనీ, ఆ మాట మార్పించెయ్యనా?"

వదిన ఓరగా చూసి గాజు మీద వేలు పెట్టింది. ఈసారి చుక్క లేదు. ఒత్తు ఛ, దానికి గుడిదీర్ఘం, శ్రద్ధగా దిద్దింది.

"ఛీ, పో!" అంది పతకం, గారాలు పోతూ.