బోల్టు కింద పసుపు

గంగులు చెయ్యి పడితే చచ్చిపోయిన హారన్ కూడా లేచి కూస్తుందని అరసవల్లిలో ఒక మాట ఉంది.

ఆ మాట పుట్టించినవాడు గంగులే.

కార్లకు స్క్రీన్లూ స్పీకర్లూ బిగించడం అతని పని. అంతటివాడు ఆ ఉదయం జోగయ్య అద్దె కారు ముందు గంటన్నరగా చెమటలు కక్కుతున్నాడు.

నిన్ననే తను బిగించిన స్క్రీను. ఇంజిను స్టార్ట్ చేస్తే చాలు, బొమ్మ నిండా గీతలు. గీతలతో పాటు 'కుయ్య్'మని ఒక కూత.

కారు అద్దెకు మాట్లాడుకున్న కూర్మమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. కళింగపట్నంలో చేపల బేరం చేసే మనిషి. ఆమె గొంతెత్తితే సముద్రం రెండడుగులు వెనక్కి జరుగుతుందంటారు.

"ఒరే గంగులూ, మా ఆయన కృష్ణుడిలా ఉన్నాడేట్రా? వల్లో పడ్డ సేపలా ఉన్నాడు!"

స్క్రీను మీద ఉన్నది ఆమె భర్త. పోయి రెండేళ్లయింది. ఊరి నాటకంలో కృష్ణుడి వేషం కట్టినప్పుడు ఎవరో తీసిన సీడీ అది.

"ఆయన్ని పూరీ తీసుకెల్తానని మాటిచ్చేను. మనిషుండగా అవలేదు. ఇలగైనా దారంతా నా ఎదర కూకోబెట్టుకుని తీసుకెల్తన్నాను. పదింటికి కదలాల. బొమ్మ రాకపోతే నీ బండొద్దు జోగయ్యా, ఇంకో బండి సూసుకుంతాను."

"అలగ అనకు అత్తా," అన్నాడు జోగయ్య. చూపు మాత్రం గంగులు మీద నిప్పులు పోస్తోంది.

గంగులు స్క్రీను విప్పాడు, బిగించాడు. స్పీకర్లు మార్చాడు. నిమ్మకాయతో దిష్టి కూడా తీశాడు.

గీతలు కదల్లేదు.

"బాబూ, ఇంజిను ఆపి, తాళం సగం తిప్పి ఉంచు. స్క్రీను ఒక్కటే నడవనీ."

ఆ మాట గంగులు షెడ్డులో బల్ల మీంచి వచ్చింది. ఎవరో ముసలాయన. పంచె, నల్లద్దాలు, ఒళ్లో చేతికర్ర. ప్రసాదం కొనుక్కొస్తానని భార్య అక్కడ కూర్చోబెట్టి వెళ్లింది.

గంగులుకి ఒళ్లు మండింది.

"సూర్యదేముడి ఊరొచ్చి నల్లద్దాలేటి తాతా? ఆయనంటే కోపమా?"

"కోపం కాదు, మొగమాటం," ముసలాయన నవ్వాడు. "ముందు ఆపు బాబూ."

ఆపాడు. కూత పోయింది. గీతలూ పోయాయి.

"ఇప్పుడు స్టార్ట్ సేసి ఎక్సలేటరు తొక్కు."

కూత పెరిగింది. గీతలు చిందులు తొక్కాయి.

"వింటన్నావా? రేడియోలు బాగుసేసిన సెవి బాబూ నాది. ఇంజినుతో పాటే పెరుగుతన్నాది. స్క్రీను తప్పు కాదు. డైనమో గోలంతా ఇందులోకి దూరతన్నాది. ఎర్త్ వైరు ఎక్కడ బిగించేవు?"

"సూపిస్తే కనబడతాదేటి, ఆ అద్దాల్లోంచి?"

"నా సెయ్యి అక్కడ పెట్టు, సాలు."

గంగులు విసుగ్గా ఆ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, డ్యాష్‌బోర్డు కింద బోల్టు మీద పెట్టాడు. టార్చి ఇవ్వబోతే, "నాకెందుకు, నువ్వుంచుకో," అన్నాడు ముసలాయన.

ముసలాయనే స్పానరుతో బోల్టు వదులు చేసి, వేలితో కింద తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

గంగులుకి అప్పుడు గుర్తొచ్చింది. ఏ వైరు బిగించినా ముందు బోల్టు కింద పసుపు ముద్ద అద్దడం అతని అలవాటు. శుభమని. ఆ పసుపే ఎండి, వైరుకీ కారు ఇనుముకీ మధ్య గోడ కట్టింది.

"ఏటైంది తాతా?" కూర్మమ్మ అడిగింది.

"ఏటీ లేదమ్మా. సముద్రం ఒడ్డు బండి కదా, ఉప్పుగాలికి ఇనుము తుప్పట్టింది. ఈ బాబు పనికేటీ వంక లేదు."

గంగులు చెవిలో మాత్రం, "పసుపు బోల్టు నెత్తి మీద పెట్టు నాయనా, కింద కాదు," అన్నాడు.

గంగులు పసుపు గీకేశాడు. ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాడు.

స్టార్ట్ చేశారు. కూత లేదు. గీత లేదు. కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు.

అందరూ స్క్రీనుకి అతుక్కుపోయారు. ముసలాయన రోడ్డు వైపు మొహం పెట్టి, తలాడిస్తూ పద్యం విన్నాడు.

"మొగం బాగా కనబడతన్నాదా అమ్మా?"

"ఓలమ్మో, మీసంతో సహా! కృష్ణుడికి మీసమేటని ఊరంతా మొత్తుకున్నా తియ్యని మొండోడు." కూర్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది.

"అయితే సాలు."

ఇంతలో ముసలాయన భార్య నారాయణమ్మ ప్రసాదం సంచితో వచ్చింది. ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఆటో ఎక్కించింది.

ఇంకా పది కాలేదు. గంగులుకి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు నోరూ లేచింది.

"ఓ తాతా! ఇంత సేసి, బొమ్మ ఒక్కసారైనా సూడకుండా పోతన్నావు. అంత గర్వమేటి?"

ఆటో అప్పటికే కదిలింది. లోపల్నుంచి ముసలాయన నవ్వు వినిపించింది. నారాయణమ్మ తల బయటపెట్టి చెప్పింది:

"పుట్టి బుద్ధెరిగి ఈయన ఏ బొమ్మా సూడలేదు నాయనా, ఆ సూపు కోసమే ఏటేటా ఈ దేముడికి మొక్కుతన్నాం."