అక్క తరఫున

మెట్టుగూడలో మా పక్క పోర్షన్ ప్రిసిల్లా ఆంటీది. ఎదురుపడితే తల వంచుకుని పోవడమే తప్ప ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. కానీ సాయంత్రం టీవీలో అక్కాచెల్లెళ్ల పాటల సీరియల్ మొదలవగానే ఆమె గొంతు గోడ దాటి వచ్చేది.

"చెల్లెలి గొంతు బానే ఉందిగానీ, పెదాలు పాట వెనకాల పరిగెడుతున్నాయి!"

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రయ్యేది. ఈ ఊళ్లో నాకింకెవరూ తెలియదు. ఆంటీకి వినపడదన్న ధైర్యంతో గోడకే మెల్లగా జవాబు చెప్పేదాన్ని.

"అక్కను జెర చూడుండ్రి. ఒక్క పాట లేకున్నా, చెల్లె పాడుతుంటే ఎంత మంచిగ వింటదో!"

"వింటే సరిపోద్దా? నటించొద్దూ?" అనేవారు ఆంటీ.

అంకుల్‌తో అంటున్నారనుకునేదాన్ని. అట్లా పోట్లాడుకోను ఇంట్లో మనిషి ఉన్నందుకు ఆమెను చూసి కుళ్లుకునేదాన్ని.

నిన్నటితో సీరియల్ అయిపోయింది. ఇవాళ ఆ వేళకు గోడ అవతల చప్పుడే లేదు. ఇక ఆ ఒక్క గొంతు కూడా వినపడదని తోచేసరికి దిగులేసింది. సిగ్గు చంపుకుని వెళ్లి ఆంటీ తలుపు తట్టాను.

టీవీ ముందు ఒకటే కుర్చీ ఉంది, మా గోడకు ఆనించి.

"అంకుల్ లేరా ఆంటీ?"

"ఆయన పోయి చాన్నాళ్లయిందమ్మా."

"మరి రోజూ సీరియల్ గురించి ఎవరితోటి కొట్లాడుతుండ్రి?"

ఆంటీ నన్ను వింతగా చూశారు.

"అదేంటే? ఆ అక్కను వెనకేసుకొచ్చేది నువ్వు కాదూ?"