ఎవరింట్లో చోటుంది

సాయంత్రం నాగులమ్మ బడికి వచ్చేసరికి హరినాథ్ మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు.

“పెట్టు సారూ, వినేసి పోతా. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా.”

ఇంట్లో కరెంటు లేని ఆమె రోజూ బడికొచ్చి వినేది ఒకటే. జ్వరంతో పోయిన కూతురు సుబ్బు, పాఠం చదువుతూ మధ్యలో నవ్వేసిన గొంతు. అది రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది.

“రావటం లేదు నాగులమ్మా.”

“కరెంటుంది గదా?”

“ఉంది. సుబ్బు గొంతే దొరకటం లేదు.”

ఆమె మాస్టారి పక్కకొచ్చి తెర వైపు వంగింది.

మైపాడు దగ్గరి ఆ పాలెంలో, తుఫానుకు ఫోన్లూ ఫొటోలూ నీళ్లపాలైన ఏడాది, మాస్టారు కరెంటున్న ప్రతి ఇంటికీ ఒక పాత కంప్యూటర్ తెచ్చి పెట్టి అన్నింటినీ కలిపాడు. పెద్ద కంప్యూటరంటూ ఎక్కడా లేదు. ఒకరి ఫొటోలు, మాటలు ముక్కలై వేరే ఇళ్లల్లో ఉంటాయి. ఒక ఇంటి మీద బరువెక్కువైతే, చోటున్న ఇంకో ఇల్లు తీసుకుంటుంది. ప్రతి ముక్కా రెండిళ్లలో ఉండాలన్నది కట్టుబాటు.

“ఆఖరుసారి మన సమాధానం ఇంట్లో ఉన్నట్టు చూపిస్తోంది. అతని కంప్యూటర్ పలకటం లేదు” అన్నాడు మాస్టారు.

సమాధానం వాకాడు వైపు నుంచి వచ్చి, ఐసు షెడ్డుకు కాపలా ఉంటున్నవాడు.

గుమ్మంలో నిలబడ్డ పాలెం పెద్ద చెంచయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఇంకెట్ట పలుకుతాది? ఇందాక నేనే పీకించేసినా.”

“ఎందుకన్నా?”

“ఊళ్లో వాళ్ల ఫొటోలన్నీ పోయి పోయి వాడి దగ్గరే చేరుతుండాయి. వాడిది చూస్తే ఒక్కటీ లేదు. మనకేమన్నా చుట్టమా, మన పెళ్లిళ్లన్నీ దాచిపెట్టుకునేదానికి? అడిగితే నేల చూస్తాడు. బస్సెక్కించి పంపేసినాం.”

“కంప్యూటరేది?”

“ఉప్పుకాలవలో పడేసినాం.”

“బయటికి తీస్తే?” అంది నాగులమ్మ.

“ఉప్పునీళ్లు నాగులమ్మా” అన్నాడు మాస్టారు.

తర్వాత అతను అక్కడ కూర్చునే ఒక్కో ఇంటి కంప్యూటర్నీ తెరిచి చూశాడు. పిచ్చమ్మ ఇల్లు. ఇతరులకు చోటు లేదు. చెంచయ్య ఇల్లు. లేదు. ఆ పక్కిల్లూ అంతే.

“అన్నా, మీరందరూ పక్కవాళ్లకు చోటివ్వకుండా మూసేసుకున్నారు.”

“మనవరాలి ఓణీల వీడియో పెద్దదైపోయింది సారూ. నా ఒక్కడిదే గదా, ఏమవుతుందిలే అనుకున్నా.”

“అందరూ అట్లాగే అనుకున్నారు. కాదనని ఇల్లు ఒక్కటే మిగిలింది. బరువంతా అక్కడికే పోయింది.”

నాగులమ్మకు ఆ మాటలేవీ పట్టలేదు.

“ఆయనకు ఫోన్ చెయ్యి సారూ. ఇంకెక్కడన్నా దాచినాడేమో అడుగు.”

మాస్టారు స్పీకర్ పెట్టాడు.

“సారూ, మీకే చేద్దామనుకుంటుండా” అన్నాడు సమాధానం. “కంప్యూటర్ నా చేతికియ్యలా వాళ్లు. దాన్ని ఆపబాకండని చెప్పండి. ఆ సుబ్బు గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు.”

మాస్టారు నాగులమ్మ వైపు చూడలేకపోయాడు.

చెంచయ్య ఫోను మీదికి వంగాడు.

“సమాధానం, నేను చెంచయ్యని. ఇంతమందివి మోసినావే, నీదంటూ ఒక్కటన్నా పెట్టుకోలేదేందయ్యా?”

బస్సు చప్పుడు మధ్య అతని గొంతు వినిపించింది.

“ఉండె అన్నా, పోయిన మా పాప ఫేబీ పాడిన పాటలు... సుబ్బు గొంతుకి ఎవరింట్లోనూ చోటు లేదని చూపించిన రోజు తీసేసినా.”